కొత్త కారుకు కూలింగ్ పేపరు వేయించాలా?

ప్రశ్న: ఉగాదికి చిన్న కారు కొని అన్నవరం తీసుకెళ్లి పూజ చేయించాం. ఎండలు ముదిరేసరికి వెనక సీట్లో మా అమ్మ, పసిపాప ఉండలేకపోతున్నారు. రాజమండ్రిలో ఒక షాపతను నల్ల ఫిల్మ్ వేస్తానంటాడు. ఇంకొకతను ‘ఆర్టీవో అనుమతి ఉన్న ఫిల్మ్’ అంటూ రెట్టింపు ధర చెబుతున్నాడు. ఏది వేసినా పోలీసులు పీకేస్తారని మా బావగారి మాట. ఎవరిని నమ్మాలి?
– మండపేట పాఠకుడు

జవాబు: ప్రస్తుతానికి మీ బావగారినే నమ్మండి. ఆర్టీవో ఆఫీసు ఫిల్ములకు అనుమతులిచ్చే చోటు కాదు. ఆ మాట చెప్పి రెట్టింపు అడిగే షాపు గడప తొక్కకండి.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో నూరో నిబంధన ప్రకారం ముందు, వెనక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా 50 శాతం వెలుతురు రావాలి. అవిషేక్ గోయెంకా కేసులో సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 27న ఇంకాస్త ముందుకెళ్లింది. కంపెనీలోనే రంగు కలిపి పోసిన అద్దమైతే ఆ శాతాలకు లోబడి ఉండొచ్చు కానీ, తర్వాత అంటించే ఫిల్మ్ ఎంత పల్చనిదైనా కూడదని తేల్చింది. ఆ తర్వాత నిబంధన మారింది. లోపలివైపు ప్లాస్టిక్ పొర ఉన్న సేఫ్టీ గ్లాసును కూడా 2021 ఏప్రిల్ 1 నుంచి ఒప్పుకున్నారు. దాన్ని పట్టుకునే, శాతాలు సరిపోతే ఫిల్మ్ వేసుకోవచ్చని కేరళ హైకోర్టు 2024 సెప్టెంబరులో చెప్పింది. అయితే అది కేరళ తీర్పు. మోరంపూడి జంక్షన్‌లో ఆపిన కానిస్టేబుల్‌కు ఆ కాగితం చూపించి ఒప్పించగలనని అనుకోవద్దు.

తెగించి వేయించుకునేవారు ఈ లెక్క చూడండి. కంపెనీ పక్క అద్దం 75 శాతం వెలుతురు వదిలేదైతే, దాని మీద 70 శాతం ఫిల్మ్ వేస్తే మిగిలేది 52 శాతమే. 60 శాతం ఫిల్మ్ వేస్తే 45కు పడిపోతుంది, అంటే తప్పే. ఫిల్మ్ మీద రాసి ఉన్న అంకె చూసి మోసపోయేది ఇక్కడే. ముందు, వెనక అద్దాల జోలికి అసలు వెళ్లకండి.

ఇంకో సంగతి. నలుపు వేరు, చల్లదనం వేరు. ఎండ వేడిలో సగం దాకా కంటికి కనపడని కిరణాలదే. వాటిని ఆపని ఫిల్మ్ ఎంత నల్లగా ఉన్నా ఆ సగం వేడి లోపలికి వస్తూనే ఉంటుంది. పసిపాప కోసమైతే, కారు ఆపినప్పుడు ముందు అద్దానికి వెండిరంగు అట్ట అడ్డం పెట్టండి. ఎక్కేముందు నాలుగు అద్దాలూ దించి, కాసేపు నడిచాక ఏసీ వేయండి. రోహిణి కార్తెలో నేను నమ్ముకున్నది ఇదే. జాలీ తెరలు కూడా నిలిపిన కారుకే, బయల్దేరేటప్పుడు తీసేయండి.

చట్టం ఒప్పుకున్నా సరే, కోనసీమలో తిరిగే కారుకు నల్ల అద్దాలు వద్దనే చెబుతాను. రాత్రిపూట కాలవగట్టు మీద ఎదురు బండికి దారిస్తూ వెనక్కి తీసేటప్పుడు గట్టు అంచు కనపడాలి. రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం పక్కన పడుకున్న మనిషి కనపడాలి. పొరపాటున బండి నీళ్లలోకి దిగితే వెంటనే పక్క అద్దం దించుకుని బయటపడాలి, అది దిగకపోతే పగలగొట్టుకుని రావడమే దారి. ఫిల్మ్ ఉన్న అద్దం పగిలినా ముక్కలు రాలవు, పొరకు అతుక్కునే ఉంటాయి. అద్దం పగలగొట్టే చిన్న సుత్తి డ్రైవర్ చేతికందేచోట పెట్టుకోండి. ముందు అద్దం మీద కొట్టి లాభం లేదు, పక్క అద్దం మూల మీద కొట్టాలి.

ప్రశ్న: మా అబ్బాయి బంపర్‌కు ఇనప గార్డు, పెద్ద హారన్, తెల్ల లైట్లు కావాలంటున్నాడు. సీట్ కవర్లు కూడా మార్చాలి.
– భీమవరం పాఠకురాలు

జవాబు: సీట్ కవర్లు మార్చండమ్మా, కానీ సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ గుర్తు ఉంటే దానికి తగ్గ కుట్టున్న కవరే అడగండి. మామూలు కవరు ఎయిర్‌బ్యాగ్‌ను తెరుచుకోనివ్వదు. ఇనప గార్డు వద్దేవద్దు. దెబ్బను మింగాల్సిన బంపర్‌ను అది పనిచేయనివ్వదు, ఎదురుగా వచ్చే సైకిల్ మనిషికి ఇంకా ప్రమాదం. వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమని కేంద్ర రవాణాశాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. గాలి హారన్ కూడా నిషిద్ధం. లైట్ల కోసం వైర్లు కోయించారంటే షోరూంవాళ్లు ఆ వైరింగ్‌కు వారంటీ లేదనడం ఖాయం. మీ అబ్బాయి ముచ్చట తీర్చాలంటే మంచి స్పీకర్లు పెట్టించండి, బిల్లు ఇన్సూరెన్స్‌లో చేర్పించండి.

ప్రశ్న: మాది అంతర్వేది దగ్గర. కారు అడుగున తుప్పు పట్టకుండా కోటింగ్ అవసరమా?
– రాజోలు పాఠకుడు

జవాబు: అవసరమే. సముద్రపు గాలికి తోడు, రొయ్యల చెరువుల దగ్గర రోడ్ల మీద ఉప్పునీరు పడుతుంది. కోటింగ్ కొట్టేటప్పుడు మాత్రం పక్కనే నిలబడండి. తలుపుల అడుగున వాననీరు కారిపోవడానికి చిన్న కన్నాలుంటాయి. అవి మూసుకుపోతే నీరు లోపలే నిలిచి, తలుపును తుప్పు లోపలినుంచే తినేస్తుంది.