పుస్తకాల తిరునాళ్లకు తయారై పోదాం

పెన్నహోబిలం తిరునాళ్లకు పోవాలంటే మనం ముందురోజే మాట్లాడుకుంటాం. ఎవరెవరు వస్తారు, బస్సు ఎన్ని గంటలకు, చేతిలో ఎంత డబ్బుంది, ఏమేం చూడాలి అని. పుస్తకాలకు కూడా అలాంటి తిరునాళ్లు ఉన్నాయి. వాటికి ఎలా పోవాలో, పోయి ఏం నేర్చుకోవాలో తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పడమే ఈ పాఠం ఉద్దేశం.

పుస్తకాల పండుగ అంటే ఏమిటి?

మన రాష్ట్రంలో పెద్దది విజయవాడ పుస్తక మహోత్సవం. 1989లో మొదలైంది. సాధారణంగా జనవరి మొదటి వారాల్లో జరుగుతుంది. 2025లో 35వ ఉత్సవం ఇందిరాగాంధీ మునిసిపల్ స్టేడియంలో జరిగింది. అక్కడ స్టాళ్లు మాత్రమే ఉండవు. సాయంత్రాల్లో సాహిత్య సభలు, కొత్త పుస్తకాల ఆవిష్కరణలు, పిల్లల పోటీలు ఉంటాయి. పుస్తక ప్రియుల పాదయాత్ర అని ఒకరోజు పాఠకులంతా వీధుల్లో నడుస్తారు. అంటే ఇది అమ్మేవాళ్ల పండుగ మాత్రమే కాదు, చదివేవాళ్ల పండుగ.

ఇతర దేశాల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. 1939లో సైన్స్ కథల అభిమానులు న్యూయార్కులో తమ మొదటి ప్రపంచ సమావేశం జరుపుకున్నారు. ఆ సమావేశాల్లోనే 1953లో హ్యూగో అవార్డులు మొదలయ్యాయి. వాటిని పెద్ద పండితులు నిర్ణయించరు. సభ్యులైన పాఠకులే ఓట్లు వేసి నిర్ణయిస్తారు.

దీని వెనక చరిత్ర

తెలుగువాళ్లకు ఇది కొత్త కాదు. 1914 ఏప్రిల్ 10న విజయవాడ రామమోహన గ్రంథాలయంలో ఆంధ్రదేశపు గ్రంథాలయాల వాళ్లంతా మహాసభ జరుపుకున్నారు. అందుకు పూనుకున్నవారు అయ్యంకి వెంకటరమణయ్య. అధ్యక్షత వహించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహం. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరా తిప్పారు. మన ఊళ్లకు అలాంటి పడవలు రావు. కాబట్టి పుస్తకం ఉన్నచోటికి మనమే పోవాలి.

మనకెందుకు?

“డబ్బు లేనివాళ్లకు అక్కడేం పని?” అని మనలో చాలామంది అనుకుంటారు. అమ్మానాన్న శనక్కాయ చేనుకు కూలికి పోతుంటే మనం పుస్తకాలు కొనడమా అని సంకోచిస్తారు. ఇది డబ్బు విషయం మాత్రమే కాదు. అక్కడ నిలబడే అర్హత మనకు లేదేమో అనే భయం. ముందు పోగొట్టుకోవలసింది దాన్నే.

చిన్నప్పుడు బడిలో గోనెపట్ట మీద విడిగా కూర్చుని చదివినవారు డాక్టర్ అంబేద్కర్. పెద్దయ్యాక తన పుస్తకాలకు చాలినంత చోటు ఉండాలని బొంబాయి దాదరులో ‘రాజగృహ’ కట్టుకున్నారు. విజయవాడలో ఏళ్ల తరబడి పుస్తక మహోత్సవం జరిగిన స్వరాజ్ మైదానంలోనే ఇప్పుడు ఆయన 125 అడుగుల విగ్రహం ఉంది. 2024 జనవరి 19న దాన్ని ఆవిష్కరించారు. పుస్తకాల మధ్య మనకు చోటు లేదని ఇక ఎవరు చెప్పగలరు?

ఇంకో మాట. ఆ స్టాళ్లలో మన జిల్లా కూడా ఉంటుంది. విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’, సింగమనేని నారాయణ కథలు, చిలుకూరి దేవపుత్ర ‘పంచమం’ నవల, 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు పొందిన బండి నారాయణస్వామి ‘శప్తభూమి’. ఇవన్నీ మన కరువునేల నుంచి వచ్చినవే. ఈ పేర్లతో అడిగి చూడండి.

వెళ్లే ముందు

1. తేదీలు పత్రికల్లో చూసుకోండి. వార్డెన్ గారి అనుమతి, ఇంటివాళ్ల అనుమతి తీసుకోండి. గుంతకల్లులో రైలెక్కితే విజయవాడ ఒక రాత్రి ప్రయాణం. పెద్దవాళ్లు ఒకరు వెంట ఉండాలి.

2. ఒంటరిగా కాదు, జట్టుగా డబ్బు పోగు చేయండి. పదిమంది తలా 50 రూపాయలు వేస్తే 500 అవుతుంది. పది శాతం తగ్గింపు ఇస్తే 500 రూపాయల పుస్తకాలు 450కే వస్తాయి. మిగిలిన 50తో అట్టలు వేయించవచ్చు.

3. పట్టిక రాసుకోండి. తప్పక కొనవలసినవి మూడు, చూడవలసినవి పది. ఎవరికి ఏ పుస్తకం కావాలో పక్కన పేరు రాయండి.

అక్కడికి చేరాక

1. మొదటి గంట ఏమీ కొనకండి. అన్ని స్టాళ్లూ ఒకసారి తిరగండి. ఉచితంగా ఇచ్చే కేటలాగులు తీసుకోండి. అవి ఏడాదంతా పనికొస్తాయి.

2. పుస్తకం చేతిలోకి తీసుకుని విషయసూచిక, మొదటి పేజీ, మధ్యలో ఒక పేజీ చదవండి. చదివి తిరిగి పెట్టడం తప్పు కాదు. చేతులు శుభ్రంగా ఉంటే చాలు.

3. నేషనల్ బుక్ ట్రస్ట్, హైదరాబాద్ బుక్ ట్రస్ట్, విశాలాంధ్ర, ప్రజాశక్తి వంటి ప్రచురణలు వెతకండి. పాత పుస్తకాల స్టాలు వదలకండి.

4. సాయంత్రం సభలో కూర్చోండి. రచయిత ఎదురైతే ఒక ప్రశ్న అడగండి. “సార్, ఇది రాయడానికి ఎన్నాళ్లు పట్టింది?” అన్నా చాలు. పుస్తకం రాసేది మనలాంటి మనిషేనని అప్పుడు తెలుస్తుంది.

తిరిగి వచ్చాక

అసలు పని ఇక్కడే మొదలవుతుంది. తెచ్చిన పుస్తకాలు ఒకరి ట్రంకు పెట్టెలో తాళం వేసి పెడితే అవి అందరివీ కావు. ఒక నోటుబుక్కులో పుస్తకం పేరు, తీసుకున్నవారి పేరు, తేదీ రాయండి. ఆదివారం సాయంత్రం స్టడీ అవర్‌కు ముందు ఒకరు పది నిమిషాలు తాము చదివింది చెప్పాలి. మూడు పుస్తకాలను ముప్పైమంది చదివితే అది తొంభై చదువులతో సమానం. సంచులు నింపుకుని పోయినవాళ్లలో ఎందరు అన్ని చదువుతారు?

దూరం పోలేనివాళ్లు నిరుత్సాహపడనక్కరలేదు. ప్రతి ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు. ఆ వారంలో మన ఊరి గ్రంథాలయానికి జట్టుగా పోయి, పై పద్ధతినే పాటించండి. అదే మొదటి తిరునాళ్లు అనుకోండి.

అభ్యాసం

1. మీరు చదవాలనుకునే మూడు పుస్తకాల పేర్లు రాయండి. ఎందుకో ఒక్కో వాక్యంలో చెప్పండి.

2. మీ ఊరి గురించి ఎవరైనా పుస్తకం రాశారా? కనుక్కోండి.

3. రాయకపోతే, అది ఎవరు రాయాలి?