ట్యూబ్ యాంప్ కూత పెడుతోందా? అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ వైర్లు ఇలా కలపండి

ఒక శనివారం రాత్రి, మాదాపూర్‌లోని మా ఫ్లాట్‌లో, నేను కట్టిన మొదటి ట్యూబ్ యాంప్‌కి స్విచ్ వేశాను. పాట రాలేదు. స్పీకర్ నుంచి ఒకటే కూత! పక్క ఫ్లాట్ అంకుల్ వచ్చి తలుపు కొట్టారు. ట్రాన్స్‌ఫార్మర్ పోయిందనుకుని, కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి కొత్తది తెద్దామనుకున్నా. చివరికి చూస్తే తప్పు రెండు వైర్లది. మీకు ఆ తిప్పలు రాకూడదనే ఈ ఆర్టికల్.

ఇది చేసే పనేంటి?

ట్యూబ్ ఎక్కువ వోల్టేజ్, తక్కువ కరెంట్‌తో పనిచేస్తుంది. స్పీకర్‌కి దీనికి రివర్స్ కావాలి. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ బండిలో గేర్‌లా పనిచేస్తుంది. నాది రెండు ఈఎల్84 ట్యూబ్‌ల పుష్-పుల్ యాంప్. ప్రైమరీ 8,000 ఓమ్‌లు, స్పీకర్ 8 ఓమ్‌లు. 8,000ని 8తో భాగిస్తే 1,000. దాని వర్గమూలం సుమారు 31.6. ఇదే చుట్ల నిష్పత్తి.

ఒక విషయం గుర్తుంచుకోండి: ట్రాన్స్‌ఫార్మర్‌కి సొంతంగా 8,000 ఓమ్‌లు ఉండవు. 8 ఓమ్‌ల ట్యాప్‌కి 4 ఓమ్‌ల స్పీకర్ పెడితే ట్యూబ్‌లకి కనిపించేది 4,000 మాత్రమే. అందుకే స్పీకర్‌కి తగిన ట్యాప్‌నే వాడాలి.

వైర్లు గుర్తుపట్టడం

సాధారణంగా ఎరుపు హైవోల్టేజ్ సప్లైకి, నీలం, గోధుమ రంగులు రెండు ట్యూబ్‌ల ప్లేట్లకి వెళ్తాయి. కానీ రంగుని నమ్మి వైర్ కలపొద్దు. ట్రాన్స్‌ఫార్మర్‌ని యాంప్ నుంచి విడిగా పెట్టి చెక్ చేయండి.

1. మల్టీమీటర్‌తో రెసిస్టెన్స్ చూడండి. ఎక్కువ చూపేది ప్రైమరీ, ఒకటి రెండు ఓమ్‌లే చూపేది సెకండరీ. ప్రైమరీలో రెండు చివరలకీ దాదాపు సగం సగం చూపే వైరే సెంటర్ ట్యాప్. రెండు సగాల మధ్య కొంచెం తేడా ఉన్నా కంగారుపడకండి. పైపొరల్లో చుట్టిన తీగ పొడవు ఎక్కువ.

2. ప్రైమరీ రెండు చివరలకి 6 వోల్ట్‌ల ఏసీ ఇవ్వండి. సెకండరీలో 0–4 మధ్య 0.13, 0–8 మధ్య 0.19, 0–16 మధ్య 0.27 వోల్ట్‌లు రావాలి. దీనికి 2 వోల్ట్‌ల ఏసీ రేంజ్ ఉన్న మీటర్ కావాలి. పొరపాటున ఆ 6 వోల్ట్‌లు 8 ఓమ్‌ల సెకండరీకి ఇచ్చారా, అటువైపు దాదాపు 190 వోల్ట్‌లు వస్తాయి. జాగ్రత్త!

కూత ఎందుకొచ్చింది?

1927లో బెల్ ల్యాబ్స్ ఇంజనీర్ హెరాల్డ్ బ్లాక్‌కి ఆఫీసుకి పడవలో వెళ్తుండగా నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ ఐడియా తట్టింది. అవుట్‌పుట్‌లో కొంత భాగాన్ని తిరగేసి ఇన్‌పుట్‌కి పంపితే డిస్టార్షన్ తగ్గుతుంది. నా యాంప్‌లో ప్లేట్ వైర్లు తారుమారయ్యాయి. తగ్గించాల్సిన సిగ్నల్ పెరుగుతూ పోయింది. కోడ్‌లో మైనస్ బదులు ప్లస్ పడినట్టు, అంతే.

చెక్ చేయడం సులువు. ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ ఒక కాలు ఊడదీసి, ఒక పాత స్పీకర్‌తో, చిన్న వాల్యూమ్‌లో పాట వినండి. పవర్ ఆపి, రెసిస్టర్ కలిపి మళ్లీ వినండి. సౌండ్ తగ్గితే వైరింగ్ కరెక్ట్. పెరిగినా, కూత పెట్టినా వెంటనే ఆపి, రెండు ప్లేట్ వైర్లని ఒకదాని చోట ఒకటి మార్చండి. అల్ట్రాలీనియర్ అయితే స్క్రీన్ ట్యాప్‌లని కూడా వాటితో పాటే మార్చాలి.

ఈ రెండూ మర్చిపోవద్దు

స్పీకర్ లేకుండా ట్యూబ్ యాంప్‌ని నడపొద్దు. లోడ్ లేకపోతే ప్రైమరీలో వోల్టేజ్ విపరీతంగా ఎగిరి, ఇన్సులేషన్ కాలిపోవచ్చు. స్పీకర్ లేకపోతే 8 ఓమ్‌ల, 25 వాట్ల రెసిస్టర్ పెట్టండి.

ప్లగ్ పీకినా కెపాసిటర్లలో 300 వోల్ట్‌ల దాకా మిగిలే ఉండొచ్చు. అది ప్రాణం తీయగలదు. ఇన్సులేటెడ్ క్లిప్‌లున్న 10 కిలో ఓమ్‌ల, 10 వాట్ల రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, మీటర్ సున్నా దగ్గరికి వచ్చాకే చెయ్యి పెట్టండి.

వైర్లు మార్చాక నా యాంప్ హాయిగా పాడింది. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు తప్పింది. అంకుల్ మళ్లీ వచ్చారు, ఈసారి పాట వినడానికి.