షికారుకు రెండు అర్థాలు
(బొర్రా గ్రామ పరిసరాలలో ఒక అధ్యయన విహారం)

తెలుగువారు ఉర్దూ నుండి స్వీకరించిన మాటలలో ‘షికారు’ ఒకటి. ఫారసీలో పుట్టి ఉర్దూలో స్థిరపడిన ఈ పదానికి అక్కడి అర్థం వేట. తెలుగులో మాత్రం అది మెత్తబడినది. సాయంకాలం సముద్రతీరాన నడచి వచ్చినా షికారే, సెలవు దినాన కొండలకు పోయి వచ్చినా షికారే. ఒకే మాట ఒక భాషలో ప్రాణం తీసే పనిని, మరొక భాషలో మనసుకు హాయి గూర్చే పనిని సూచించుట విచిత్రంగా తోచును. అయితే విహారయాత్రికుల నడతను పరిశీలించినచో ఈ రెండు అర్థాలూ నేటికీ సజీవంగానే ఉన్నవని తెలియగలదు. ఒక ఊరికి పోయి, చూచి, నేర్చి, దానిని యథాతథంగా విడిచి వచ్చువాడు తెలుగు షికారు చేసినవాడు. చేతికందినది విరిచి తెచ్చుకొనువాడు ఎరుగకయే వేటకు పోయినవాడు. విశాఖపట్టణవాసులకు సుపరిచితమైన బొర్రా గ్రామాన్ని ఉదాహరణగా గైకొని ఈ భేదాన్ని పరిశీలించుట ఈ వ్యాసోద్దేశం.

దారియే తొలి పాఠం

బొర్రా తూర్పు కనుమలలో, అనంతగిరి మండలంలో ఉన్నది. 2022 వరకు విశాఖపట్టణం జిల్లాలో భాగమైన ఈ ప్రాంతం ఆ సంవత్సరం ఏప్రిల్‌లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. విశాఖ నుండి రోడ్డు మార్గం సుమారు 90 కిలోమీటర్లు. కాని విద్యార్థులకు రైలు మార్గమే మేలు. కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం 1960 దశకంలో నిర్మింపబడినది. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయుట దాని ముఖ్యోద్దేశం. నిర్మాణానికి జపాను సహకారం కూడ లభించినది. యాభైకి మించిన సొరంగాలను దాటుచు కొండలెక్కు ఈ మార్గం బొర్రా దాటిన పిదప, శిమిలిగూడ వద్ద, సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తు చేరుకొనును.

ఉదయం యాత్రికులను పైకి చేర్చు ఆ పట్టాల మీదనే ఖనిజం నిండిన వ్యాగన్లు క్రిందికి దిగుచుండును. మన రేవుకు, మన ఉక్కు కర్మాగారానికి ఆ ఖనిజంతో సంబంధమున్నది. కనుక కొండ ఊరు మనకు పరాయి ఊరు కాదు. మన నగర జీవనానికి కావలసిన సరకు ఆ కొండల నడుమ నుండియే వచ్చుచున్నది.

నీరు చెక్కిన గుహ

బొర్రా గుహలు సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున సున్నపురాతిలో ఏర్పడినవి. ‘బొర్ర’ అనగా రంధ్రము. గుహ పైకప్పులోని రంధ్రం గుండా ఒక ఆవు లోనికి జారిపడెననియు, దానిని వెదకుచు పోయిన పశువుల కాపరికి శివలింగాకృతి గల శిల కనిపించెననియు స్థానికుల కథ. గోస్తనీ నది పేరును కూడ ఆ గోవుతోనే ముడిపెట్టుదురు. ఈ కొండలలో పుట్టిన ఆ నది భీమునిపట్టణం వద్ద సముద్రంలో కలియును. శివరాత్రినాడు గుహలో భక్తుల సందడి మెండు. ఇక్కడ దొరకిన పాతరాతియుగపు పనిముట్లు మానవునికి ఈ చోటితో గల అనుబంధం ఎంత ప్రాచీనమో తెలుపుచున్నవి.

గుహ ఏర్పడిన విధానం రసాయనశాస్త్ర విద్యార్థికి కండ్లెదుటి ప్రయోగం వంటిది. వాన నీరు గాలి నుండి, నేల నుండి బొగ్గుపులుసు వాయువును గ్రహించి బలహీనమైన ఆమ్లమగును. అది సున్నపురాతి పగుళ్ళలో దిగి, కాల్షియం కార్బొనేటును కరగించుకొని, గుహ కప్పు నుండి బొట్లుగా రాలును. అప్పుడు వాయువు విడిపోవుటచే కరగిన సున్నం తిరిగి గట్టిపడును. కప్పు నుండి వ్రేలాడునవి స్టాలక్టైట్లు, నేల నుండి పైకి పెరుగునవి స్టాలగ్మైట్లు. రెండును కలిసినచో స్తంభమగును. వీటి పెరుగుదల సాధారణంగా ఏడాదికి మిల్లీమీటరులో పదవ వంతు మాత్రమే. ఆ లెక్కన జానెడు కొమ్మ ఏర్పడుటకు దాదాపు రెండువేల ఏండ్లు పట్టును. దానిని విరుచుటకు ఒక్క క్షణం చాలును. విరిచి ఇంటికి తెచ్చిన ముక్క నాలుగు దినాలలో బీరువా మూలన పడును. దాని స్థానంలో మరొకటి పెరుగుట మన మునిమనుమలకు కూడ కనిపించదు.

ఒక ఫ్రెంచి గ్రామం నేర్పిన నీతి

గుహను పాడుచేయుటకు విరువవలసిన పని కూడ లేదని ఫ్రాన్సు దేశపు అనుభవం చాటుచున్నది. ఆ దేశపు నైరుతి భాగాన వెజేర్ నదీతీరంలో మోంటిన్యాక్ అను చిన్న ఊరు కలదు. 1940 సెప్టెంబరులో కొందరు బాలురు ఆ ఊరి సమీపాన లాస్కో గుహను కనుగొనిరి. లోపలి గోడలపై ఎద్దులు, గుఱ్ఱాలు, జింకలు వర్ణచిత్రాలై దర్శనమిచ్చినవి. అవి సుమారు పదిహేడు వేల ఏండ్లనాటివని పండితుల అంచనా. 1948లో గుహను ప్రజలకు తెరచిరి. దినమునకు వెయ్యిమందికి పైగా రాసాగిరి.

వచ్చినవారు దేనినీ తాకలేదు, దేనినీ దొంగిలించలేదు. వారు చేసినదెల్లా ఊపిరి పీల్చి విడుచుటయే. ఆ ఊపిరిలోని తేమ, బొగ్గుపులుసు వాయువు, వారి కొరకు వెలిగించిన దీపాల కాంతి కలిసి గోడలపై ఆకుపచ్చని పాచిని, తెల్లని సున్నపు పొరను పుట్టించినవి. 1963లో ప్రభుత్వం గుహను ప్రజలకు మూసివేసినది. 1983లో సమీపాననే ఒక ప్రతిరూప గుహను నిర్మించి యాత్రికులకు చూపసాగిరి. వేల ఏండ్లు చీకటిలో భద్రంగా నిలిచినది మనుష్యుల ముచ్చటకు పదిహేనేండ్లు కూడ తాళలేకపోయినది.

బొర్రా గుహ లాస్కో కంటె ఎంతో విశాలమైనది, గాలి వెలుతురు కొంత సోకునది. దానిలో అట్టి చిత్రాలు లేవు. అయినను దీపకాంతి పడినచోట పాచి పెరుగుట ఏ గుహకైనను పొంచియున్న ప్రమాదమే. ఎందరిని, ఎంతసేపు, ఎంత వెలుగులో లోనికి పంపవలెనను ప్రశ్న అక్కడివలెనే ఇక్కడను వేసుకొనదగినది.

గుహ వెలుపల

చాలమంది గుహ చూచి, వెదురు బొంగులో కాల్చిన కోడిమాంసం తిని తిరుగు ప్రయాణమగుదురు. అసలు ఊరు అక్కడ నుండియే మొదలగును. కటికి జలపాతానికి నడచిపోవు త్రోవలో రాళ్ళ పొరలను, చెట్లను, పక్షులను గుర్తింపవచ్చును. అనంతగిరి వాలులలో సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లనే అల్లుకొన్న మిరియాల తీగ ఒకే నేలలో రెండు పంటలుగా పెరుగుచుండును. అరకులోయ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. అంతకు ముందే, 2017లో, పారిస్ నగరంలో అరకు పేరుతోనే కాఫీ విక్రయశాల వెలసినది. ఫ్రెంచి గ్రామాన్ని చూడగోరు మనకు, మన కొండ గ్రామం అప్పటికే పారిస్ చేరియున్నదన్న సంగతి గుర్తుండవలెను.

ఈ నేల ఎవరిది?

బొర్రా పేరు న్యాయశాస్త్ర గ్రంథాలలో కూడ నిలిచినది. ఈ పరిసర గ్రామాలలో గిరిజనేతరులకు గనుల లీజులు ఇచ్చుటను ‘సమత’ అను స్వచ్ఛంద సంస్థ న్యాయస్థానంలో ప్రశ్నించినది. 1959 నాటి భూమి బదలాయింపు రెగ్యులేషన్, దాని 1970 సవరణ షెడ్యూల్డు ప్రాంతపు భూమిని గిరిజనేతరులకు ఇవ్వరాదని శాసించినవి. మరి ఆ నిషేధం ప్రభుత్వానికి కూడ వర్తించునా? 1997 జూలై 11న సుప్రీంకోర్టు వర్తించునని తీర్పు చెప్పినది. జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ ఎస్. సగీర్ అహ్మద్ ఏకీభవించగా, జస్టిస్ జి.బి. పట్నాయక్ విభేదించిరి. గనుల లాభాలలో కనీసం 20 శాతం ఆ ప్రాంతపు అభివృద్ధికి ప్రత్యేకింపవలెనను సూత్రం కూడ ఆ తీర్పులో కలదు.

ఆ తీర్పు గనులకు సంబంధించినది. కాని దాని వెనుకనున్న ధర్మం విహారయాత్రకు వర్తించదా? గుహకు కొనిన టిక్కెట్టులో, బస చేసిన గదిలో, త్రాగిన కాఫీలో ఆ ఊరివారి వంతు ఎంత? నేల తవ్వి తీసుకొనునది మాత్రమే గని అనుకొనరాదు. ఊరి అందాన్ని అమ్మి, ఊరికి చెత్త మాత్రమే మిగిల్చినచో అదియు ఒక విధమైన గనియే.

విద్యార్థులు పాటింపదగినవి

కావున బొర్రాకు పోవు విద్యార్థి మిత్రులు గుహలోని శిలలను చేతితో తాకరాదు, గోడలపై పేర్లు వ్రాయరాదు. గబ్బిలాలను బెదరించునట్లు కేకలు వేయరాదు. ఊరివారిని మార్గదర్శకునిగా వెంటబెట్టుకొని తగిన ప్రతిఫలం ఇవ్వవలెను. థింసా నృత్యమాడు స్త్రీలను అనుమతి లేక ఫొటో తీయరాదు. తీసుకుపోయిన ప్లాస్టిక్కును తిరిగి తీసుకురావలెను. వర్షకాలంలో ఊరివారి మాట వినక వాగులలో దిగరాదు. తిరిగి వచ్చిన పిదప చూచినది నాలుగు వాక్యాలైనను వ్రాసియుంచుకొనవలెను.

వేటకు పోయినవాడు సంచి నింపుకొని వచ్చును. షికారుకు పోయినవాడు మనసు నింపుకొని వచ్చును. ఉర్దూ మాటను తెలుగువారు చేరదీసి, దానిలోని బాణాన్ని దింపివేసిరి. ఆ మాటకు మన పెద్దలు సమకూర్చిన మెత్తదనాన్ని మన నడతలో నిలుపుకొనుట మన కర్తవ్యం.