సైకిలు బెల్లు పాముకు వినిపిస్తుందా?

మీలో చాలామంది సైకిలు మీద బడికి వెళ్తుంటారు. కొందరు చెరువు కట్ట మీదుగా, కొందరు పొలాల మధ్య డొంక దారిన, కొందరు తారురోడ్డు వెంట నాలుగైదు కిలోమీటర్లు తొక్కుకుంటూ పోతారు. దారిలో ఎన్ని జీవులు ఎదురవుతాయో ఎప్పుడైనా గమనించారా? ముంగిస రోడ్డు దాటుతుంది. తీగ మీది పాలపిట్ట రెక్కలు విప్పి ఎగిరిపోతుంది. కుక్క వెంటపడుతుంది. ఒక్కోసారి ముందు చక్రానికి అడ్డంగా పాము కనిపించి గుండె ఝల్లుమంటుంది. నడిచేవాడికంటే, మోటారు బండి నడిపేవాడికంటే సైకిలు తొక్కేవాడికే జంతువులు ఇలా మరీ దగ్గరగా ఎదురుపడుతుంటాయి. ఎందుకని?

నడిచి వెళ్ళే మనిషి గంటకు 4 లేక 5 కిలోమీటర్లు పోతాడు. అతను దగ్గరికి వచ్చేలోగా తప్పుకోవడానికి జంతువుకు కావలసినంత వ్యవధి ఉంటుంది. మోటారు బండి వేగంగా వచ్చినా, దాని చప్పుడు ముందుగానే చాటింపు వేస్తుంది. సైకిలు సంగతి వేరు. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వస్తుంది, చప్పుడు మాత్రం చేయదు.

దీని పర్యవసానం తెలియాలంటే ఒక చిన్న పని చేసి చూడండి. నేల మీద మేస్తున్న గోరింక వైపు మెల్లగా నడవండి. కొంతవరకు అది మిమ్మల్ని ఓ కంట కనిపెడుతూనే మేస్తుంది. ఒక హద్దు దాటి ఇంకో అడుగు వేశారా, తుర్రుమంటుంది. ఇలాంటి హద్దు అన్ని జంతువులకూ ఉంది. మనుషులకు అలవాటు పడిన ఊరపక్షికి చిన్నది, జనసంచారం లేనిచోట ఉండే పక్షికి పెద్దది. దీన్ని మనం పారిపోయే దూరం అందాం. సైకిలు చేసే పనల్లా, జంతువు పసిగట్టేలోగానే మిమ్మల్ని ఆ హద్దు లోపలికి చేర్చడం. అప్పుడు దానికి తీరిక ఉండదు. పరుగు తీయాలి, లేదా ఉన్నచోటనే బిగుసుకుపోవాలి, లేదా ఎదురు తిరగాలి.

ఇక పాము సంగతికి వద్దాం. పాముకు బయటి చెవి లేదు, కర్ణభేరి లేదు. లోపలి చెవి మాత్రం ఉంది. ఒక సన్నని ఎముక దాన్ని దవడతో కలుపుతుంది. నేలకు దవడ ఆనించి ఉన్న పాముకు నేలలోని కంపనాలు ఆ ఎముక ద్వారా లోపలి చెవికి చేరతాయి. గాలిలో వచ్చే శబ్దం అసలే తెలియదని అనుకోకండి. కొంతవరకు తెలుస్తుంది. అయితే అది బాగా బొంగురుగా ఉండాలి. సెకనుకు సుమారు వెయ్యి కంపనాలు దాటిన శబ్దం పాముకు దాదాపు అందదు. మన చెవి 20 నుంచి 20,000 కంపనాల దాకా వింటుంది. సైకిలు బెల్లు సన్నగా గణగణ మోగుతుంది. దాని కంపనాలు సెకనుకు కొన్ని వేలు ఉంటాయి. అంటే బెల్లు ఎంత గట్టిగా కొట్టినా పాముకు కొట్టినట్టే కాదు! పాములవాడి నాగస్వరం గుట్టు కూడా ఇందులోనే ఉంది. పడగ ఊగేది పాటకు కాదు, కళ్ళ ముందు కదులుతున్న బుర్రకు.

నడిచే మనిషి అడుగు నేలను గుద్దుతుంది. ఆ అదురు పాముకు ముందుగా తెలుస్తుంది. చీకట్లో పొలానికి వెళ్ళే రైతు కర్రతో నేల మీద టకటక కొట్టుకుంటూ నడవడం వట్టి అలవాటు కాదు, అందులో శాస్త్రం ఉంది. గాలి నిండిన సైకిలు చక్రం మాత్రం నున్నని రోడ్డు మీద మెత్తగా దొర్లిపోతుంది. పాముకు అందే కబురు చాలా తక్కువ.

అసలు పాము రోడ్డు మీదికి ఎందుకు వస్తుంది? చాలాసార్లు అవతలి పొలానికి పోవడానికే. ఇంకో కారణం కూడా ఉంది. పాము మనలాగా తన ఒంటి వేడిని తానే తయారు చేసుకోలేదు, పరిసరాల నుంచి తెచ్చుకోవాలి. నల్లని తారు పగలంతా ఎండను పీల్చుకుంటుంది. పొద్దుగూకి పక్కనున్న గడ్డి నేల చల్లబడినా రోడ్డు ఇంకా వెచ్చగా ఉంటుంది. నమ్మకం లేకపోతే దీపాలు పెట్టే వేళకు రోడ్డు మీద ఒక అరచెయ్యి, మట్టి మీద ఒక అరచెయ్యి ఆనించి చూడండి, బండ్లు రాని చోట సుమా! మీరు ట్యూషన్ ముగించుకుని ఇంటికి బయలుదేరే సమయం కూడా సరిగ్గా అదే.

ఇప్పుడు కొంచెం లెక్క వేద్దాం. గంటకు 15 కిలోమీటర్లంటే సెకనుకు 4 మీటర్ల పైచిలుకు. రోడ్డు మీద ఉన్నది తాడా, పామా అని పోల్చుకుని బ్రేకు నొక్కేసరికి ఒక సెకను గడిచిందనుకోండి. 4 మీటర్లు అక్కడే అయిపోయాయి. బ్రేకు పట్టాక సైకిలు ఆగడానికి సుమారు మరో 3 మీటర్లు కావాలి. మొత్తం 7 మీటర్లు. అదే 25 కిలోమీటర్ల వేగంతో పోతుంటే సెకనులో దాదాపు 7 మీటర్లు, ఆగడానికి సుమారు 8 మీటర్లు, మొత్తం 15. వేగం రెట్టింపు కూడా కాలేదు, ఆగే దూరం మాత్రం రెట్టింపు దాటింది. వేగం వర్గాన్ని బట్టి ఆగే దూరం పెరుగుతుందని మీరు భౌతికశాస్త్రంలో చదివే ఉంటారు. కనుక మీ దీపపు వెలుగు ఎన్ని మీటర్ల దూరం పడుతుందో ఒక రాత్రి అడుగులు వేసి కొలుచుకోండి. ఆ దూరంలో ఆగగల వేగంతోనే చీకట్లో తొక్కాలి. లైటు లేని సైకిలుకు ఈ లెక్కే వర్తించదు.

పాము కనబడగానే పిల్లలు సాధారణంగా చేసే పని రెండు కాళ్ళూ హ్యాండిల్ మీదికి ఎత్తడం. తూకం తప్పి పాము పక్కనే పడటానికి ఇంతకంటే మంచి ఉపాయం లేదు! ఆగగలిగితే ఆగండి, దిగి కొన్ని అడుగులు వెనక్కు జరగండి. పాము సాధారణంగా తన పొడవులో సగానికి మించిన దూరం నుంచి కాటు వేయలేదు. అందుచేత 4, 5 మీటర్ల ఎడంలో కదలకుండా నిలబడినవాడికి భయం లేదు. దాని దారిన దాన్ని పోనివ్వండి. మన రోడ్ల మీద తరచుగా కనబడే జెర్రిపోతుకు విషం లేదు. పొలాల్లో ఎలుకలను తిని బతుకుతుంది. దాన్ని నాగుపాము అనుకుని రాళ్ళతో కొట్టి చంపుతుంటారు. పాములను చంపడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పైగా చాలా కాట్లు పామును కొట్టబోయినప్పుడూ, పట్టుకోబోయినప్పుడూ పడేవే. తోక తొక్కితే పగబట్టి ఇల్లు వెతుక్కుంటూ వస్తుందన్న కథ మీరూ వినే ఉంటారు. మనిషిని గుర్తుపెట్టుకుని వెతికేపాటి మెదడు పాముకు లేదు.

ఒకవేళ కాటు పడితే? ఇది జాగ్రత్తగా చదవండి. మన దేశంలో పాముకాటుతో ఏటా సుమారు 58,000 మంది చనిపోతున్నారని 2020లో వెలువడిన ఒక అంచనా చెబుతోంది. తెలుగు నేల కూడా ఎక్కువ మరణాలు జరిగే ప్రాంతాల్లో ఒకటి. కాటు తిన్నవాడు మళ్ళీ సైకిలెక్కి తొక్కుకుంటూ పోకూడదు. కండరాలు పనిచేసినకొద్దీ విషం త్వరగా ఒంట్లోకి పాకుతుంది. ఉన్నచోటనే కదలకుండా కూర్చోబెట్టండి. కాలికి కర్ర ఆనించి గుడ్డతో వదులుగా కట్టండి. పట్టీలు, ఉంగరాలు తీసేయండి. తాడుతో బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, మంత్రగాడి దగ్గరకు తీసుకుపోవడం, ఇవేవీ వద్దు. దొరికిన బండి మీద ఆసుపత్రికి చేర్చాలి. పామును చంపి వెంట తీసుకుపోనక్కరలేదు. మన దేశంలో ఇచ్చే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుక పింజర అనే నాలుగింటి విషానికీ కలిపి తయారైనదే. కట్లపాము కాటు నొప్పి పెట్టకపోవచ్చు. నొప్పి లేదని ఊరుకోకూడదు.

పక్షులు కూడా సైకిలును ఎదిరిస్తాయంటే నవ్వుతారేమో. ఆస్ట్రేలియాలో అడగండి! అక్కడ మాగ్‌పై అనే నలుపు తెలుపుల పక్షి ఉంది. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా అక్కడ వసంతం. గూట్లో పిల్లలున్న ఆ రోజుల్లో మగపక్షి వెనుక నుంచి దూసుకువచ్చి సైకిలు తొక్కేవారి తల మీద తన్నుతుంది. అన్నీ కాదు, మగవాటిలో పదింట ఒకటి కూడా ఇలా చేయదు. తమాషా ఏమిటంటే, కొన్నింటికి సైకిలు వాళ్ళంటేనే కోపం, నడిచేవాళ్ళ జోలికి పోవు. 2019 సెప్టెంబరులో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో ఒక వృద్ధుడు ఈ పక్షిని తప్పించుకోబోయి, సైకిలు దారి తప్పి కంచె స్తంభానికి కొట్టుకుని పడి మరణించాడు. ఆయన ప్రాణం తీసింది ముక్కు పోటు కాదు, హఠాత్తుగా పక్కకు తిప్పిన హ్యాండిల్. అందుకే అక్కడివారికి అధికారులు చెప్పే మాట: దిగి నడవండి.

మన ఊళ్ళో ఈ పని కాకి చేస్తుంది. కాకి తల మీద తన్నితే కీడని తలస్నానం చేయించే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. చెట్టు పైకి ఒకసారి తలెత్తి చూస్తే గూడు కనబడుతుంది, అప్పుడా కీడు ఎవరికి వస్తుందని కాకి అనుకుంటోందో తెలిసిపోతుంది. అమెరికాలోని సియాటిల్‌లో జాన్ మార్జ్‌లఫ్ అనే శాస్త్రజ్ఞుడు 2006లో తన సహచరులతో కలిసి ఒక ముసుగు తొడుక్కుని కొన్ని కాకులను పట్టుకుని వదిలాడు. ఆ తర్వాత ఆ ముసుగు ఎవరు వేసుకున్నా కాకులు గోల చేసి చుట్టుముట్టాయి. ఇది కొన్నేళ్ళపాటు సాగింది. పగబట్టే జీవి కావాలంటే పాముకన్నా కాకి వైపు చూడటం సబబు.

కుక్క గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, మీకే అనుభవం ఉంటుంది. పారిపోయేదాన్ని తరమడం దాని పుట్టుక. కాలు విసిరితే పిక్క దొరుకుతుంది. వేగం తగ్గించి దిగి, సైకిలును మీకూ కుక్కకూ మధ్య అడ్డం పెట్టుకుని నిలబడితే చాలావరకు అరిచి అరిచి వెళ్ళిపోతుంది. కరిస్తే, చిన్న గీరు అయినా సరే, కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి రేబీస్ టీకా వేయించుకోండి. ఆ వ్యాధి లక్షణాలు పైకి కనబడ్డాక బతికించే వైద్యం దాదాపు లేదనే చెప్పాలి. ఇంట్లో తిడతారని దాచిపెట్టే పిల్లలున్నారు, అందుకే ఇంత గట్టిగా చెప్పడం.

ఇక తొలకరి వచ్చినప్పుడు చేయదగిన పని ఒకటుంది. మొదటి పెద్ద వాన పడిన సాయంత్రం కప్పలు నీటి కుంటలు వెతుక్కుంటూ గుంపులుగా రోడ్డు దాటతాయి. మర్నాడు పొద్దున్నే బడికి వెళ్ళేటప్పుడు ఒకే ఒక్క కిలోమీటరు దూరాన్ని ఎంచుకుని, రోడ్డు మీద నలిగిపోయిన కప్పలు ఎన్ని, పాములు ఎన్ని, ప్రాణంతో కనబడినవి ఎన్ని అని లెక్కపెట్టండి. తేదీ, సమయం, ఎంత వాన పడిందీ పక్కనే రాయండి. దేన్నీ చేత్తో తాకవద్దు. ఎక్కడ ఎక్కువ చనిపోయాయో అక్కడ రోడ్డుకు రెండు పక్కలా ఏముందో చూడండి: చెరువా, వరి మడా, తూము ఉండి పూడిపోయిందా? వానాకాలమంతా రాసిన ఆ కాగితాలను మీ సైన్సు మాస్టారికి చూపించండి.