పెద్దల ఖాతాలపై కన్ను... డిగ్రీ కుర్రకారుకు దన్ను

డీమ్యాట్ ఖాతా తెరిచేటప్పుడో, మ్యూచువల్ ఫండ్‌లో తొలిసారి డబ్బు పెట్టేటప్పుడో దరఖాస్తులో ఒక ప్రశ్న ఎదురవుతుంది. ‘మీరు పొలిటికల్లీ ఎక్స్‌పోజ్డ్ పర్సనా? అలాంటివారికి బంధువా?’ అని. చాలామంది పూర్తిగా చదవకుండానే ‘కాదు’ అన్న గడిలో టిక్కు పెట్టి ముందుకెళ్లిపోతారు. ఆ టిక్కు నిజమో కాదో తేల్చడమే ఉద్యోగంగా ఉన్నవారున్నారు. బ్యాంకుల్లో వారిని కేవైసీ అనలిస్టులు, ఏఎంఎల్ అనలిస్టులు అంటారు. నల్లడబ్బును తెల్లగా మార్చే మనీలాండరింగ్‌కు అడ్డుకట్ట వేసే విభాగం అది.

సూళ్లూరుపేటలో డిగ్రీ పట్టా చేతికొచ్చిన వారికి సాధారణంగా మూడు దారులు కనిపిస్తాయి: శ్రీహరికోట షార్‌లో అప్రెంటిస్‌షిప్, శ్రీసిటీ పరిశ్రమల్లో షిఫ్టు ఉద్యోగం, బ్యాంకు పరీక్షలకు కోచింగ్. నాలుగో దారి ఈ అనలిస్టు కొలువు. అది దాదాపు 80 కిలోమీటర్ల దూరంలో, లోకల్ రైలెక్కితే చేరే చెన్నైలో ఉంది. ఇంజినీరింగే చదివి ఉండాలన్న పట్టింపు లేని దారి ఇది.

ఎవరీ పీఈపీలు?

దేశాధినేతలు, మంత్రులు, సీనియర్ రాజకీయ నాయకులు, ఉన్నత స్థాయి న్యాయ, సైనిక, ప్రభుత్వ అధికారులు, ప్రభుత్వరంగ సంస్థల పెద్దలు, ముఖ్యమైన పార్టీ నేతలు ఈ కోవలోకి వస్తారు. బ్యాంకు ఉద్యోగుల మాటల్లో వీరు ‘పీఈపీ’లు. పదవి చేతిలో ఉన్నప్పుడు లంచానికి, ప్రజాధనం దారి మళ్లింపుకు అవకాశం ఎక్కువ. ఆ సొమ్మును భార్య పేరుతోనో, బావమరిది కంపెనీ పేరుతోనో బ్యాంకులోకి తెచ్చే వీలూ ఎక్కువే. అందుకే కుటుంబసభ్యులు, సన్నిహితులు కూడా పరిశీలనలోకి వస్తారు.

మలేసియాలో ప్రభుత్వ పెట్టుబడి సంస్థ 1ఎండీబీ కుంభకోణాన్నే చూడండి. అప్పటి ప్రధాని నజీబ్ రజాక్ వ్యక్తిగత ఖాతాలోకి 2013లో 68 కోట్ల డాలర్లకు పైగా వచ్చిపడ్డాయి. ఖాతా ఉన్న యామ్‌బ్యాంక్ గ్రూపు చివరకు 2021లో 283 కోట్ల రింగిట్లు చెల్లించి మలేసియా ప్రభుత్వంతో రాజీ కుదుర్చుకుంది. అడగాల్సిన ప్రశ్న అడగాల్సిన రోజున అడగకపోతే బ్యాంకు కట్టే మూల్యం అంత.

మన దగ్గర పదవి, వ్యాపారం ఒకేచోట కలిసిన సంగతి వస్తే ఓబుళాపురం గనుల కేసు గుర్తొస్తుంది. కర్ణాటక మాజీ మంత్రి గాలి జనార్దన్‌రెడ్డికి హైదరాబాద్‌లోని సీబీఐ ప్రత్యేక కోర్టు 2025 మే 6న ఏడేళ్ల జైలుశిక్ష విధించింది. ఆయన అప్పీలు చేయగా జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఆ శిక్ష అమలును నిలిపివేసింది. ఈ రంగంలోకి వచ్చేవారు ఈ రెండు వాక్యాలనూ కలిపే గుర్తుపెట్టుకోవాలి. మొదటిది మాత్రమే రాసి రెండోది వదిలేసిన అనలిస్టు రిపోర్టు చెల్లదు.

చట్టం ఏమంటోంది?

మనీలాండరింగ్ నిరోధక చట్టం 2002లో వచ్చి, 2005 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. 2023 మార్చిలో నిబంధనలు సవరించి పీఈపీకి నిర్వచనం చేర్చారు. దాని ప్రకారం విదేశాల్లో ముఖ్యమైన ప్రజా పదవులు పొందినవారే పీఈపీలు. రిజర్వు బ్యాంకు కేవైసీ ఆదేశాలదీ అదే బాట. అలాంటి ఖాతా తెరవాలంటే సీనియర్ అధికారి అనుమతి కావాలి. డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలి. లావాదేవీలపై అదనపు నిఘా ఉంచాలి. పాత ఖాతాదారుకే కొత్తగా పదవి వస్తే, ఖాతా కొనసాగించడానికీ మళ్లీ అనుమతి తీసుకోవాలి.

హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2023 జనవరిలో అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు. తెలుగువారు గర్వంగా చెప్పుకొనే విషయం. అలాంటి పదవిలో ఉన్నవారు ఇక్కడ ఖాతా తెరవబోతే బ్యాంకు పీఈపీ పరిశీలన చేయాల్సిందే. అది అనుమానం కాదు, పదవిని బట్టి వచ్చే నియమం.

మరి స్వదేశీ నాయకుల మాటేమిటి? ఈ నిర్వచనంలో వారు లేరు. ఆ లోటును మనీలాండరింగ్‌పై పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఏటీఎఫ్ 2024 సెప్టెంబరులో వెలువరించిన భారత్ నివేదికలో ఎత్తిచూపింది. ఇక లండన్ బ్యాంకుకో, సింగపూర్ బ్యాంకుకో ఆంధ్రప్రదేశ్ మంత్రి ‘విదేశీ’ పీఈపీయే. ఆ బ్యాంకుల వెనక పని జరిగేది మాత్రం చెన్నై, హైదరాబాద్, బెంగళూరు ఆఫీసుల్లో. మన నాయకుల పేర్లను జల్లెడ పట్టే పనికి మన పేర్లు తెలిసినవారు కావాలి.

పని ఎలా ఉంటుంది?

ఒక ఊహాజనిత ఉదాహరణ చూద్దాం. సింగపూర్‌లో ‘కె. సుబ్రహ్మణ్యం’ అనే వ్యక్తి ఖాతాకు దరఖాస్తు చేశారు. సాఫ్ట్‌వేర్ జాబితాలో ‘సుబ్రమణ్యం కె, మాజీ ఎమ్మెల్యే, ఆంధ్రప్రదేశ్’ కనబడి అలర్ట్ మోగింది. అది మీ స్క్రీన్ మీదికి వచ్చింది. ఇద్దరూ ఒకరేనా?

ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక హెచ్ తగ్గినంత మాత్రాన మనిషి మారిపోడని మీకు తెలుసు. నెల్లూరు వైపు ‘కె’ ఇంటిపేరు కావచ్చు. తమిళ సంప్రదాయం పాటించే కుటుంబాల్లో అదే ‘కె’ తండ్రి పేరులోని మొదటి అక్షరం. తెలుగు, తమిళం రెండూ చెవిన పడే తడ, సూళ్లూరుపేట, సత్యవేడు ప్రాంతాల పిల్లలకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. వార్సాలోనో మనీలాలోనో కూర్చున్న ఉద్యోగికి ఇదంతా అయోమయం.

తర్వాతి పని ఆధారాల వేట. ఎన్నికల్లో పోటీ చేసినవారు ఫారం 26 అఫిడవిట్ ఇవ్వాలి. అది ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో అందరికీ అందుబాటులో ఉంటుంది. అందులో తండ్రి లేదా భర్త పేరు, వయసు, చిరునామా, వృత్తి ఉంటాయి. తనవే కాక జీవిత భాగస్వామి, ఆధారపడినవారి ఆస్తులూ చూపాలి. దాన్ని దరఖాస్తుతో పోల్చి ఇలా రాస్తారు: ‘పేరు కలిసింది. తండ్రి పేరు, వయసు, ఊరు కలవలేదు. అఫిడవిట్ జతచేశాను. పీఈపీ కాదు. అలర్ట్ మూసివేశాను.’ నాలుగు ముక్కలే అయినా రేపు ఆడిటర్ వచ్చి అడిగితే నిలబడే నాలుగు ముక్కలు.

మనిషి ఒకరే అని తేలితే అసలు పని మొదలవుతుంది. ఎమ్మెల్యే జీతభత్యాలు, పొలం, వ్యాపారం, వారసత్వం కలిపి చూస్తే ఖాతాలోకి వచ్చే డబ్బుకు లెక్క కుదురుతోందా? కంపెనీ పేరుతో వచ్చి ఉంటే దాని అసలు యజమాని ఎవరు? మన నిబంధనల ప్రకారం కంపెనీలో 10 శాతానికి మించి వాటా ఉన్నవారు అసలు యజమానుల లెక్కలోకి వస్తారు. ఖాతా మన దేశంలోనిదై, అనుమానం బలపడితే ఢిల్లీలోని ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌కు అనుమానాస్పద లావాదేవీ నివేదిక (ఎస్‌టీఆర్) పంపాలి. అనుమానం ఖరారైతే ఆలస్యం లేకుండా అది వెళ్లాలి. లావాదేవీ మొత్తం ఎంతన్నదానితో దీనికి పనిలేదు. రూ.10 లక్షలు దాటిన నగదు లావాదేవీలకు వేరే రిపోర్టు ఉంది. ఎస్‌టీఆర్ పంపిన సంగతి ఖాతాదారుకు పొక్కనివ్వడం నిషిద్ధం.

అతి జాగ్రత్తా తప్పే. బ్రిటన్‌లో 2023లో రాజకీయ నాయకుడు నైజెల్ ఫరాజ్ ఖాతా మూసివేతపై గొడవ ముదిరి, కూట్స్ బ్యాంకు మాతృసంస్థ నాట్‌వెస్ట్ సీఈవో ఆలిసన్ రోజ్ పదవి వదులుకోవాల్సి వచ్చింది. స్వదేశీ పీఈపీలను విదేశీయులకంటే తక్కువ రిస్కుగా చూడాలని 2024 జనవరి నుంచి అక్కడ నిబంధన మార్చారు. పెద్దమనిషి కదా అని వదిలేయకూడదు, రాజకీయ నాయకుడు కదా అని దొంగను చేయకూడదు. ఉద్యోగమంతా ఈ రెంటి మధ్యే.

కొలువులు ఎక్కడ?

చెన్నైలో స్టాండర్డ్ చార్టర్డ్, బార్‌క్లేస్, సిటీ, బీఎన్‌వై లాంటి సంస్థల సేవా కేంద్రాలున్నాయి. హైదరాబాద్‌లో హెచ్‌ఎస్‌బీసీ, వెల్స్ ఫార్గో, స్టేట్ స్ట్రీట్ ఉన్నాయి. డెలాయిట్, కేపీఎంజీ, ఈవై, జెన్‌ప్యాక్ట్ లాంటివి బ్యాంకుల తరఫున ఈ పని చేసిపెడతాయి. కెరీర్స్ పేజీల్లో ‘కేవైసీ అనలిస్ట్’, ‘నేమ్ స్క్రీనింగ్’, ‘ట్రాన్సాక్షన్ మానిటరింగ్’, ‘ఫైనాన్షియల్ క్రైమ్’ అన్న మాటలతో వెతకండి. ఏ దేశం బ్యాంకు అన్నదాన్ని బట్టి రాత్రి షిఫ్టులూ ఉంటాయి. రోజూ రైల్లో వెళ్లి రావచ్చనుకునేవారు షిఫ్టు వేళలు ముందే అడిగి తెలుసుకోవాలి.

ప్రభుత్వ కొలువే కావాలంటే ఎస్ఎస్‌సీ సీజీఎల్ రాయండి. దాని ద్వారా ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్‌లో అసిస్టెంట్ ఎన్‌ఫోర్స్‌మెంట్ ఆఫీసర్, సీబీఐలో సబ్ ఇన్‌స్పెక్టర్, ఆదాయపన్ను ఇన్‌స్పెక్టర్ ఉద్యోగాలు వస్తాయి. మొదటిది లెవెల్ 7, మూలవేతనం రూ.44,900తో మొదలవుతుంది. ఐబీపీఎస్ ద్వారా బ్యాంకు పీవో అయినవారికీ తర్వాత కంప్లయన్స్ విభాగానికి మారే వీలుంటుంది.

ఏం నేర్చుకోవాలి?

బీకాం, బీబీఏ, బీఏ ఎకనామిక్స్, బీఎస్సీ... ఏదైనా సరే. ముందుగా రిజర్వు బ్యాంకు కేవైసీ ఆదేశాలు చదవండి. ఉచితంగా దొరుకుతాయి. ఆపై ఎఫ్ఏటీఎఫ్ 40 సిఫారసుల్లో పదోది, పన్నెండోది చూడండి. మొదటిది ఖాతాదారు పరిశీలన గురించి, రెండోది పీఈపీల గురించి. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్యాంకింగ్ అండ్ ఫైనాన్స్ నిర్వహించే ఏఎంఎల్-కేవైసీ సర్టిఫికెట్ పరీక్షను ఆ సంస్థ సభ్యులు కానివారూ రాయవచ్చు. ప్రపంచమంతా గుర్తించే కామ్స్ సర్టిఫికెట్‌కు ఖర్చు లక్ష రూపాయల పైమాటే. ఉద్యోగంలో చేరాక, వీలైతే కంపెనీ ఖర్చుతోనే చేయండి. అప్పు చేసి చేయొద్దు.

ఎక్సెల్‌లో వీ-లుకప్, పివట్ టేబుల్ చేతికి రావాలి. ఇంగ్లిష్‌లో సెమినార్ ఇవ్వనక్కర్లేదు గానీ, ఐదు వాక్యాల్లో కేసు సారాంశం తప్పుల్లేకుండా రాయగలగాలి. సాధనకు మీ నియోజకవర్గ అభ్యర్థుల అఫిడవిట్లే చాలు. రెండు ఎన్నికలవి పక్కపక్కన పెట్టి ఆస్తులు ఎంత మారాయో, వాటికి చూపిన ఆదాయం ఏమిటో ఒక పేజీలో రాయండి. తీర్పు చెప్పొద్దు, లెక్క చెప్పండి. ఇంటర్వ్యూలో ఆ పేజీ చూపిస్తే పది నిర్వచనాలు వల్లించినదానికంటే బరువుంటుంది.

ఇంటర్వ్యూలో ‘మంత్రిగారి కుమార్తె ఖాతా తెరవడానికి వస్తే ఏం చేస్తావు?’ లాంటి ప్రశ్నలు వస్తాయి. ‘తిరస్కరిస్తాను’ అన్నా తప్పే, ‘వెంటనే తెరుస్తాను’ అన్నా తప్పే. ‘బ్యాంకు విధానం ప్రకారం పీఈపీ కుటుంబసభ్యురాలిగా నమోదు చేసి, డబ్బు మూలం అడిగి, సీనియర్ అనుమతికి పంపుతాను’ అన్నది వారు ఎదురుచూసే జవాబు.

ఈ తప్పు చేయొద్దు

కమీషన్ ఆశ చూపి విద్యార్థుల బ్యాంకు ఖాతాలు, ఏటీఎం కార్డులు, సిమ్‌లు తీసుకునే ముఠాలు చిన్న పట్టణాల్లోనూ తిరుగుతున్నాయి. అలా ఇచ్చిన ఖాతాను మ్యూల్ ఖాతా అంటారు. అందులోకి సైబర్ మోసం సొమ్ము వస్తే పోలీసులు మొదట వచ్చేది ఖాతాదారు ఇంటికే. ఆర్థిక నేరాల విభాగంలో చేరేవారి పూర్వాపరాలను కంపెనీలు నిశితంగా చూస్తాయి. ఫ్రీజ్ అయిన ఒక్క ఖాతా చాలు ఆఫర్ లెటర్ వెనక్కి పోవడానికి. అలాగే ఉద్యోగం ఇప్పిస్తామంటూ ముందే డబ్బు అడిగే కన్సల్టెన్సీల జోలికి పోవద్దు. పేరున్న ఏ బ్యాంకూ ఉద్యోగానికి డబ్బు తీసుకోదు.

చివరి ఏడాదిలో ఉన్నవారు ఈ సెలవుల్లోనే కేవైసీ ఆదేశాలు డౌన్‌లోడ్ చేసుకుని చదవడం మొదలుపెట్టండి. పరీక్షల నాటికి సర్టిఫికెట్, ఒక్క పేజీ నమూనా కేసు చేతిలో ఉంటే చెన్నైలో అడగడానికి మీకు అర్హత ఉన్నట్టే.