చిత్రాంగి మాట, సారంగధరుని కాళ్లుచేతులు

"నాకెందుకొచ్చిందిలే గాని వదినా, నేను చెప్పానని ఎక్కడా అనకండి..."

ప్రియ పాఠకులారా, ఈ మాట వినని ఇల్లు మన గోదావరి జిల్లాల్లో ఉందంటారా? కాలువ రేవులో బట్టలుతికే చోట, పిండిమర దగ్గర, టీ కొట్టు బల్ల మీద, ఆదివారం పూజ అయ్యాక గుడి ఆవరణలో చెట్టు కింద ఈ మాటతోనే కబుర్లు మొదలవుతాయి. ఇప్పుడు సెల్‌ఫోనులో కూడా. నోటి కబురు రేవు దాటేసరికి సాయంత్రమయ్యేది. వాట్సాప్ కబురు పూజ ముగిసేలోగా హైదరాబాదు, దుబాయి కూడా చుట్టి వస్తుంది.

దీనిని అల్ప విషయమని పండితులు వదిలిపెట్టలేదు. విశ్వవిద్యాలయాల్లో ఆచార్యులు, విద్యార్థులు కలిసి పుస్తకాలు ముందు పెట్టుకుని దీని గురించి చర్చిస్తుంటారు. 1963లో మాక్స్ గ్లక్‌మన్ అనే సామాజిక శాస్త్రవేత్త, నలుగురి గురించి చెప్పుకునే కబుర్లు ఒక సమూహాన్ని కలిపి ఉంచుతాయని వాదించాడు. 1985లో పాట్రీషియా మేయర్ స్పాక్స్ అనే అమెరికా ఆచార్యురాలు ఈ ఒక్క విషయం మీదనే పుస్తకం రాసి, ఆడవారి కబుర్లని లోకం తీసిపారేసే దానికి, నవలకు దగ్గర చుట్టరికం ఉందని చూపింది. ఆమె మాటలో నిజం లేకపోలేదు. పొరుగింటి జీవితం మీద ఆసక్తి లేనివాడు కథ చదవడు.

ఇంగ్లీషులో ఈ కబుర్లకు వాడే 'గాసిప్' అనే మాట ఎక్కడి నుండి వచ్చిందో తెలిస్తే మనవారు ఆశ్చర్యపోతారు. పాత ఇంగ్లీషులో 'గాడ్‌సిబ్' అంటే జ్ఞానస్నానపు చుట్టం, అంటే మన జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి. తరువాత ఆ మాట ప్రసవ సమయంలో తోడుండే ఇరుగుపొరుగు స్త్రీలకు వచ్చింది. ఆ తరువాత వారు చెప్పుకునే ముచ్చట్లకు, చివరకు చాడీలకు దిగింది. బిడ్డ విశ్వాసానికి పూచీపడిన మనిషి పేరు చాడీకోరు పేరయింది!

రాజమహేంద్రవరంలో 2006లో నన్నయగారి పేరిట విశ్వవిద్యాలయం ఏర్పడింది. అక్కడ ఎవరైనా ఈ విషయం మీద చదువుకోవాలంటే దూరం పోనక్కరలేదు, ఊళ్లోనే సారంగధర మెట్ట ఉంది. కథ పెద్దలకు తెలిసిందే. సారంగధరుడు రాజకుమారుడు. అతనికి చూసిన పిల్ల చిత్రాంగిని తండ్రి మోహించి తానే పెళ్లాడాడు. పావురం కోసం సవతితల్లి మందిరానికి వెళ్లిన కుమారుని ఆమె కోరింది. అతడు కాదన్నాడు. ఆమె రాజుతో నేరం తిప్పి చెప్పింది. రాజు విచారించకుండానే కొడుకు కాళ్లుచేతులు నరికించాడు. తరువాత ఒక సిద్ధుడు అతనిని బాగుచేశాడంటారు.

ఆదికాండము 39వ అధ్యాయం చదివినవారికి ఈ కథ కొత్త కాదు. పోతీఫరు భార్య, యోసేపు, అతడు వదిలి పారిపోయిన వస్త్రం, ఆ వస్త్రమే సాక్ష్యం కావడం, చెరసాల. రెండు కథల్లోనూ మనం ఆడదాని మీద పళ్లు కొరుకుతాం. నేనైతే రాజు వద్ద, పోతీఫరు వద్ద ఎక్కువసేపు ఆగుతాను. చెప్పినవారు ఒక్క మాట చెప్పారు. విన్నవారు ఒక్క ప్రశ్న అడగలేదు. చిత్రాంగికి జరిగిన అన్యాయం సంగతి మాత్రం ఎవరడిగారు?

ఇందులో మరో చిక్కుంది. ఊరివారు ఈ కథలో రాజును రాజరాజనరేంద్రుడని చెబుతారు. పదకొండవ శతాబ్దంలో వేంగిని ఏలి, నన్నయ చేత భారతం తెనిగించే పని మొదలుపెట్టించిన రాజు ఆయన. ఆయనకు చరిత్రలో కనిపించే కుమారుడు రాజేంద్రుడు. 1070లో చోళ సింహాసనమెక్కి కులోత్తుంగ చోళుడైనది అతడే. చిత్రాంగి గాని, నరికిన కాళ్లుచేతులు గాని ఆ రాజు శాసనాల్లో లేవు. పదిహేనవ శతాబ్దపు గౌరన నవనాథ చరిత్రలో ఇదే కథ మాళవ దేశంలో జరుగుతుంది. అక్కడి రాజు పేరు రాజమహేంద్రుడు. పేర్లు కలిశాయి, కథ మన ఊరికి వచ్చి చేరింది. తంజావూరులో చేమకూర వేంకటకవి కావ్యం రాశాడు, 1883లో గురజాడ ఇంగ్లీషులో పద్యకావ్యం రాశాడు, నాటకాలు ఆడాయి, 1957లో సినిమా వచ్చింది. అపనింద ఎంత చెడ్డదో చెప్పే కథ ఒక రాజు మీద తానే అపనిందగా నిలిచిపోయింది! చనిపోయినవాడు వచ్చి జవాబు చెప్పుకోలేడు గదా.

సీతమ్మ మీద నింద కథ కూడా ఇలాగే దారి మారింది. వాల్మీకి ఉత్తరకాండలో భద్రుడనేవాడు జనమంతా అనుకుంటున్న మాటను రామునికి చెబుతాడు. చాకలివాడు అక్కడ లేడు, తరువాతి కథల్లో వచ్చాడు. ఊరంతా అన్న మాట చివరకు ఒక్క కులం నెత్తిన పడింది. నింద ఎప్పుడూ పల్లం చూసుకునే పారుతుంది, మన కాలువ నీళ్లలాగే.

ఇక మన సంగతికి వద్దాం. పునీత ఫిలిప్పు నేరిగారి కోడి ఈకల కథ ప్రసంగాల్లో చాలాసార్లు విన్నారు, మళ్లీ చెప్పను. దానికంటె మనవాళ్లకు సరిగా తెలియనిది ఒకటుంది. ఎనిమిదవ ఆజ్ఞ అబద్ధానికి మాత్రమే వర్తిస్తుందని అనుకుంటాం. "ఉన్నమాటే గదండీ చెప్పాను!" అని పాపసంకీర్తనంలో కూడా వాదిస్తాం. 1992 నాటి కతోలిక శ్రీసభ సత్యోపదేశం 2477వ అంశంలో మూడింటిని విడదీసి చెబుతుంది. ఆధారం చాలకుండానే పొరుగువాని తప్పును నిజమని మనసులో నమ్మడం ఒకటి. తగిన కారణం లేకుండా, ఒకరి నిజమైన తప్పునే తెలియనివారికి చెప్పడం రెండవది. అబద్ధపు మాటలతో పేరు చెరచడం మూడవది. రెండవదే మన ఇళ్లలో ఎక్కువ. ఆ పిల్ల చదువుకునే రోజుల్లో ఏదో జరిగింది, నిజమే అనుకుందాం. ఆమె మారింది, పాపసంకీర్తనం చేసింది, దేవుడు మరచిపోయాడు. మనం మాత్రం పదేళ్ల తరువాత పెళ్లిచూపులకు వచ్చినవారికి గుర్తుచేస్తాం. చెడగొట్టిన పేరును చేతనైనంత బాగుచేసే బాధ్యత కూడా ఉందని 2487వ అంశం. క్షమాపణ చెప్పుకోవడంతో ఆ అప్పు తీరదు, ఎవరెవరి చెవిన వేశామో వారందరి గుమ్మం ఎక్కాలి.

అయితే నోరు మూసుకోవడమే పుణ్యమా? కాదు. ఇక్కడే చాలామంది తడబడతారు. పెండ్లి ప్రకటనలు గుడిలో వరుసగా చదువుతారు గదా, ఎందుకు? తెలిసినవారు చెప్పాలనే. వివాహానికి అడ్డంకి ఏదైనా తెలిసిన విశ్వాసి దానిని పెండ్లికి ముందే విచారణ గురువుకు గాని మేత్రాణులకు గాని తెలియజేయాలని శ్రీసభ చట్టం 1069వ నియమం విధిస్తోంది. అబ్బాయికి వేరే ఊళ్లో భార్య ఉందని నిజంగా తెలిసి, "మనకెందుకులే" అని ఊరుకున్నవాడు ఒక ఆడపిల్ల బ్రతుకును గోదాట్లో తోసినట్టే. పిల్లలకు ఎవరివల్లనైనా హాని జరుగుతుంటే, ఆ మనిషి ఎంత పెద్దవాడైనా, చెప్పవలసిన అధికారులకు చెప్పి తీరాలి. పరువు పేరుతో దానిని దాచడం భక్తి కాదు. ఎవరికి చెబుతున్నాం, ఎప్పుడు చెబుతున్నాం, దానివల్ల ఎవరిని కాపాడుతున్నాం అని చూసుకుంటే తేడా తెలిసిపోతుంది. గురువుగారి గదిలో చెప్పవలసిన మాటను పెళ్లయ్యాక పందిట్లో విస్తరి ముందు చెప్పడం మనవాళ్లకు బాగా అలవాటు.

ఈ వారం కుటుంబ ప్రార్థనలో దానియేలు గ్రంథం 13వ అధ్యాయం చదవండి. అది మన కతోలిక బైబులులో ఉంది. సూసన్న మీద నింద వేసిన ఇద్దరూ ఊరి పెద్దలు, న్యాయాధిపతులు. అందుకే సభ నమ్మేసింది, మరణశిక్ష కూడా వేసింది. యువకుడైన దానియేలు చేసినది చిన్న పని. ఇద్దరినీ విడదీసి, ఏ చెట్టు కింద చూశారని విడివిడిగా అడిగాడు. ఒకడు ఒక చెట్టు పేరు చెప్పాడు, మరొకడు ఇంకొక చెట్టు పేరు చెప్పాడు. ఆ సభకు సూసన్న తల్లిదండ్రులు, బిడ్డలు, బంధువులు అందరూ వచ్చారు, ఏడ్చారు. వారిలో ఒక్కరికీ ఆ ప్రశ్న అడగాలని ఎందుకు తోచలేదో మీ పిల్లలను అడిగి, వారేమంటారో వినండి.