రేడియోలో వాద్యగోష్ఠి: లోపం ఎవరిది?

విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948లో ప్రారంభమైంది. అక్కడి వాద్యగోష్ఠిని రాజమండ్రిలో మీడియం వేవ్‌పై వింటూ "వయొలిన్లు మొద్దుగా మోగుతున్నాయి" అనేయడం తేలికే. కాని ఆగండి! ఈ బ్యాండ్‌లో స్టేషన్ల మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్‌లే. పక్క స్టేషన్ చొరబడకుండా మామూలు రేడియో సుమారు 4,500 హెర్ట్జ్‌లకు పైనున్న ధ్వనులను బాగా తగ్గించేస్తుంది. వయొలిన్‌కు మెరుపునిచ్చే అతిస్వరాలు, కంచు తాళాల గలగల చాలావరకు ఆ పైనే ఉంటాయి. వాటిని మింగింది పెట్టె. పాపం, వాద్యకారులు కాదు.

రాత్రివేళ అయనావరణం నుంచి పరావర్తనం చెందిన తరంగాలు నేల వెంట వచ్చేవాటితో కలుస్తాయి. అందువల్ల ధ్వని ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. అదీ వారి తప్పు కాదు.

శ్రుతి, లయ మాత్రం మారవు. బృందమంతా ఒక్కసారిగా ఎత్తుకుందా? తీగలు శ్రుతిలో కలిశాయా? మృదంగం నడకకు అందరూ నిలిచారా? వీటికి ధైర్యంగా మార్కులు వేయండి. నాదంలోని మెరుపుకు మాత్రం కచేరీలో ఎదురుగా విన్నాకే.